సాయం భూమి పేరున్నవారికా, సేద్యం చేసే కుటుంబానికా? – ఒక విద్యార్థిని ప్రశ్న, డెల్టా సభ్యుల చర్చ

ముమ్మిడివరం విద్యార్థిని:

సభ్యులందరికీ నమస్కారం. నేను ముమ్మిడివరం దగ్గరి పల్లెటూరి అమ్మాయిని, డిగ్రీలో అర్థశాస్త్రం చదువుతున్నాను. మాకు సొంత భూమి లేదు. నాన్నగారు కౌలుకు వరి పండిస్తారు. పన్ను ఎవరు కడుతున్నారు, రాయితీ ఎవరికి అందుతోంది అనే ప్రశ్నలకు ప్రభుత్వ ఉత్తర్వులో ఒక జవాబు ఉంటుంది, పొలం గట్టు మీదా కిరాణా కొట్టులోనూ ఇంకొకటి కనబడుతుంది. ఈ రెండింటి మధ్య తేడా మన గోదావరి డెల్టాలో ఎక్కడెక్కడ ఉందో నాకు తోచినంత వరకు రాస్తున్నాను. మీరు తప్పక ఎదురు ప్రశ్నలు వేయాలని కోరుతున్నాను.

మొదటిది బియ్యం సంచి. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి వివరాలు ముద్రించిన బియ్యం సంచి 25 కిలోలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది. దాంతో బజారులోకి 26 కిలోల సంచులు వచ్చాయి. కిలో అరవై రూపాయల బియ్యం 25 కిలోలు కొంటే వెల 1,500, పన్ను 75 రూపాయలు. అదే బియ్యం 26 కిలోలు కొంటే 1,560 రూపాయలు, పన్ను లేదు. నెలకు సరిపడా సంచి ఒకేసారి కొనగలిగిన ఇంటికి పన్ను తప్పిపోయింది. వారం కూలి డబ్బుతో ఐదు కిలోల ప్యాకెట్టు కొనుక్కునే ఇల్లు పన్ను కడుతోంది. ఈ నియమం చేసినవారు ఇలా జరగాలని కోరుకొని ఉండరు, కానీ జరుగుతున్నది ఇదే.

రెండవది యానాం. ఎదుర్లంక వంతెన దాటితే మనం పుదుచ్చేరి పాలనలోకి వెళ్ళిపోతాం. పెట్రోలు, డీజిలు జీఎస్టీ పరిధిలో లేవు కాబట్టి ఏ ప్రభుత్వం వ్యాట్ దానిదే, యానాం బంకులో ధర తక్కువ. వంతెనకు దగ్గరగా ఉన్న మోటారు సైకిలు వారికి ఈ తేడా అందుతుంది. అల్లవరంలో షేర్ ఆటో నడిపే మనిషికి అందదు.

నేను అసలు చెప్పదలచుకున్నది మూడవది. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది, అయితే అది భూమి పేరు మీద ఉన్న కుటుంబానికి. రాష్ట్ర పథకం అన్నదాత సుఖీభవ 2025 ఆగస్టులో మొదలైంది. అందులో కౌలుదారుకు చోటు ఉన్నా గుర్తింపు కార్డు కావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే యజమాని పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం చేయాలి. సంతకం చేసే యజమానులు మా చుట్టుపక్కల చాలా తక్కువ. విత్తనం కొనేది, ఎరువు వేసేది, తుఫాను వస్తే నష్టపోయేది ఒక కుటుంబమైతే, రైతు సాయం అనే పేరుతో వచ్చే సొమ్ము వేరొక కుటుంబానికి వెళుతోంది. ఆ సాయం సేద్యం చేసే కుటుంబానికే వెళ్ళాలని, కార్డుకు యజమాని సంతకం అడ్డు కాకూడదని నా అభిప్రాయం.

రాజోలు కిరాణా వర్తకుడు:

అమ్మాయ్, సంచి సంగతి నువ్వు చెప్పినట్లే జరిగింది, మా కొట్టులో 26 కిలోల సంచులే ఎక్కువ పోతాయి. కానీ ఒక మాట కలుపుకోవాలి. నేను పెద్ద సంచి విప్పి, తూకం వేసి, రెండు కిలోలో మూడు కిలోలో విడిగా ఇస్తే దాని మీద పన్ను లేదు. మా దగ్గరికి వచ్చే కూలి కుటుంబాలు ఎక్కువగా అలాగే కొంటాయి. పైగా రేషను బియ్యం 2023 జనవరి నుంచి ఉచితంగానే వస్తోంది, మనిషికి ఐదు కిలోలు. కాబట్టి చిన్న ప్యాకెట్టు పన్ను అందరికంటే పేదవారి మీద పడదు. పట్నంలో అద్దె గదిలో ఉండే పిల్లల మీద, చిన్న ఉద్యోగుల మీద పడుతుంది.

2025 సెప్టెంబరు 22న సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె లాంటి వాటి మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు కూడా ఇదే చూశాను. పెద్ద సబ్బుల ధరలు తగ్గించి ముద్రించారు. ఐదు రూపాయలకు, పది రూపాయలకు అమ్మే చిన్న వాటికి చిల్లర సమస్య వచ్చింది. నాలుగున్నర రూపాయలకు సబ్బు అమ్మితే తిరిగి ఇవ్వడానికి అర్ధ రూపాయి ఎవరి దగ్గర ఉంది? అలాంటి వాటిలో తగ్గింపును బరువు పెంచి ఇస్తే తప్ప కొనేవారికి చేరే దారి లేదు.

ఉండి కౌలు రైతు:

చెల్లెమ్మా, నీ మూడవ మాటలో మా ఇంటి కథే ఉంది. నాది ఉండి గ్రామంలో ఐదెకరాల కౌలు. సార్వాకు, అంటే తొలకరి పంటకు, ఎకరానికి పన్నెండు బస్తాలు, దాళ్వాకు, అంటే రెండో పంటకు, పదిహేను బస్తాలు మక్తా (యజమానికి ఇచ్చే కౌలు ధాన్యం) కొలవాలి. పంట ముప్పై బస్తాలు పండినా, వాన పడి పద్దెనిమిదికి దిగినా మక్తా మారదు. మా యజమాని మంచివారే, ఒక ఏడు బాగా దెబ్బతిన్నప్పుడు రెండు బస్తాలు వదిలారు. కానీ అది ఆయన దయ వల్ల జరిగింది. కాగితం లేదు కాబట్టి నాకు అడిగే హక్కు లేదు.

ఈ-పంట అనే ప్రభుత్వ పంట నమోదులో పేరు ఎవరిదన్నది ఇంకా పెద్ద చిక్కు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి ధాన్యం వేస్తే డబ్బు బ్యాంకు ఖాతాకు వస్తుంది. నమోదు యజమాని పేరుతో ఉంటే డబ్బు ఆయన ఖాతాకే వెళుతుంది, ఆయన మక్తా మినహాయించుకొని మిగిలినది ఇస్తారు. అందుకని చాలామంది కౌలుదారులు కేంద్రం వైపు చూడకుండా కళ్ళంలోనే వ్యాపారికి అమ్ముకుంటారు. 2025–26కు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే మన 75 కిలోల బస్తాకు సుమారు 1,777. కళ్ళంలో ఆ ధర ఎన్నడూ రాదు. సాయం సొమ్ము ఎటు పోయినా పరవాలేదు, నా ధాన్యానికి నా పేరుతో ఆ ధర వస్తే చాలునని నేను అంటాను.

హైదరాబాదులోని భూయజమాని:

ఈ చర్చలో యజమానుల గురించి రాస్తున్న తీరు చూసి నేను కూడా రాయాలనుకున్నాను. నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. అమలాపురం దగ్గర మాకు ఎకరంన్నర ఉంది, అది మా నాన్నగారిచ్చినది. దాని మీద వచ్చే మక్తా మా ఇద్దరి మందులకు సరిపోతుంది. మేము జమీందారులం కాదు. మాలాంటి చిన్న యజమానులు కోనసీమలో ఎందరో ఉన్నారు, వారిలో వితంతువులున్నారు, పిల్లలు దూరాన ఉన్న వృద్ధులున్నారు.

సంతకం చేయకపోవడానికి కారణం దురాశ కాదమ్మా, భయం. ఒకసారి ప్రభుత్వ రికార్డులో వేరొకరి పేరు ఎక్కితే, రేపు భూమి అమ్ముకోవలసి వచ్చినప్పుడు కొనేవారు దాన్ని చూపించి ధర తగ్గిస్తారని భయం. చట్టం ప్రకారం కౌలుదారుకు భూమి మీద హక్కు రాదని నాకు చెప్పారు, కానీ చట్టాలు మారుతూ ఉండటం నా జీవితంలో చూశాను. ఇంకొక మాట. పీఎం కిసాన్ సొమ్ము వచ్చినందుకు నేను మక్తా పెంచలేదు, తగ్గించనూ లేదు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

తణుకు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

టీచరుగారి చివరి మాట అర్థశాస్త్రం దృష్టితో చూసినా సరైనదే, విద్యార్థిని దాని మీద శ్రద్ధ పెట్టాలి. యజమానికి నేరుగా ఇచ్చిన సొమ్ము వల్ల మక్తా పెరగదు, ఎందుకంటే దానివల్ల కౌలుకు అడిగేవారి స్తోమత మారదు. కౌలుదారుకు ఎకరానికి ఇంత అని ఇచ్చిన సొమ్ము మాత్రం మక్తాను పెంచగలదు. ఎకరానికి పదివేలు సాయం వస్తుందని తెలిస్తే, ఆ ఎకరం కోసం పోటీపడే మరొక కౌలుదారు ఇంకో రెండు బస్తాలు ఎక్కువ ఇస్తానంటాడు. భూమి పెరగదు, అడిగేవారు ఎక్కువ, కాబట్టి సాయంలో ఒక భాగం మెల్లగా మక్తాలోకి జారిపోతుంది. కౌలుదారుకు ఇవ్వాలన్న కోరిక ధర్మమైనదే, కానీ ఇచ్చే పద్ధతి తప్పితే అది మళ్ళీ యజమాని దగ్గరికే చేరుతుంది.

నా ఉద్యోగంలో చూసిన లెక్క ఒకటి చెబుతాను. పంట రుణం మూడు లక్షల వరకు 7 శాతం వడ్డీకి వస్తుంది, గడువులోగా తీర్చితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. కౌలుదారుకు ఈ రుణం దొరకక, బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు. అంటే ఏడాదికి 24 శాతం. ఎకరానికి ముప్పై వేలు పెట్టుబడి అనుకొని ఆరు నెలలకు లెక్క కడితే, బ్యాంకు వడ్డీ 600, బయటి వడ్డీ 3,600. తేడా ఎకరానికి 3,000 రూపాయలు, ఒక్క పంటకే. ఉండి సోదరుడి ఐదెకరాలకు పదిహేను వేలు. పీఎం కిసాన్ ఏడాది మొత్తానికి ఇచ్చేది ఆరు వేలు. కౌలుదారు పోగొట్టుకుంటున్న పెద్ద మొత్తం ఏదో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా ఆ వడ్డీకి అప్పు ఇచ్చేది చాలా చోట్ల ఎరువుల దుకాణదారో ధాన్యం కమీషన్ ఏజెంటో. అప్పు ఇచ్చినవారికే ధాన్యం వేయాలి, ఆయన చెప్పిన ధరకే వేయాలి.

ముమ్మిడివరం విద్యార్థిని:

బాబాయ్ గారూ, మీరు చెప్పిన పోటీ సంగతి చాలా ముఖ్యమైనది, అందుకే నేను ఎకరానికి అనకుండా కుటుంబానికి అని రాశాను. ఎకరాల లెక్కన ఇస్తే ప్రతి అదనపు ఎకరానికీ అదనపు సొమ్ము వస్తుంది, ఆ ఎకరం కోసం ఎక్కువ మక్తా ఇవ్వడానికి మనిషి సిద్ధపడతాడు. సేద్యం చేసే కుటుంబానికి, రెండెకరాలు చేసినా ఏడెకరాలు చేసినా, ఒకే మొత్తం ఇస్తే ఇంకొక ఎకరం తీసుకున్నందువల్ల వచ్చేది ఏమీ ఉండదు. అప్పుడు మక్తా పెంచడానికి ఆ సొమ్ము కారణం కాదు. నిజానికి పీఎం కిసాన్ ఇప్పుడే కుటుంబానికి ఇంత అనే పద్ధతిలో ఉంది, దానికి ఎకరాలతో సంబంధం లేదు. మారవలసినది ఆ కుటుంబాన్ని గుర్తించే పద్ధతి మాత్రమే. పట్టా పుస్తకం చూసి గుర్తించే బదులు, ఈ-పంట నమోదు, ధాన్యం అమ్మిన రశీదు, పక్క రైతుల ధ్రువీకరణ చూసి గుర్తించవచ్చు.

వడ్డీ లెక్క నన్ను చాలా ఆలోచింపజేసింది. మా ఇంట్లో కూడా ఎరువు అరువు తెచ్చే దుకాణానికే ధాన్యం వెళుతుంది. దానికి మేము కట్టే ధరను నేను ఎప్పుడూ ధాన్యం ధరలోనే చూశాను, వడ్డీగా చూడలేదు. నిజంగా రెండూ కలిసే ఉన్నాయి.

టీచరుగారికి నా మనవి. మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. చిన్న యజమానికి కూడా ఆదాయ భద్రత కావాలి, దానికి వృద్ధాప్య పింఛను లాంటి వేరే పథకాలు ఉండాలి. సేద్యానికి అని కేటాయించిన సొమ్ము సేద్యానికి వెళ్ళాలన్నదే నా వాదన.

మండపేట విశ్రాంత నాణ్యత పరిశీలకుడు:

ధాన్యం కొనుగోలులో ఏళ్ళ తరబడి పనిచేసినవాడిని కాబట్టి తేమ గురించి రాస్తాను, ఎందుకంటే ఉండి రైతు కళ్ళంలో తక్కువ ధరకు అమ్మడానికి ఇది కూడా పెద్ద కారణం. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. కోత యంత్రం పచ్చి మీద కోస్తుంది కాబట్టి కళ్ళంలో రాశి పోసినప్పుడు 22 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది.

రైతులందరూ తెలుసుకోవలసిన లెక్క ఇది. 22 శాతం తేమ ఉన్న వంద కిలోల ధాన్యంలో నీరు కాక మిగిలిన బరువు 78 కిలోలు. దాన్ని 17 శాతానికి ఆరబెడితే ఆ 78 కిలోలు మొత్తంలో 83 శాతం అవుతాయి. 78ని 0.83తో భాగిస్తే దాదాపు 94 కిలోలు. అంటే న్యాయమైన తరుగు క్వింటాలుకు 6 కిలోలు, మన 75 కిలోల బస్తాకు నాలుగున్నర కిలోలు. వ్యాపారి బస్తాకు ఏడెనిమిది కిలోలు తీస్తానంటే, అందులో సుమారు మూడు కిలోలు తేమకు సంబంధం లేని కోత. దాన్ని మద్దతు ధరతో లెక్కిస్తే బస్తాకు సుమారు డెబ్బై రూపాయలు వస్తుంది. ఎకరానికి ముప్పై బస్తాలు వేసుకుంటే రెండు వేలు దాటుతుంది. తేమ కొలిచే యంత్రం రైతు కంటికి కనబడే చోట ఉండి, ఈ లెక్క గోడ మీద రాసి ఉంటే ఆ సొమ్ము రైతు దగ్గరే ఆగుతుంది. దీనికి కొత్త పథకం ఏదీ అక్కరలేదు.

ఎగుమతుల గురించి ఎవరూ రాయలేదు. 2023 జూలై 20న పచ్చి బియ్యం ఎగుమతి నిషేధించారు, ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. మళ్ళీ 2024 సెప్టెంబరు చివరలో నిషేధం తీసివేశారు, ఉప్పుడు బియ్యం సుంకాన్ని కూడా ఆ ఏడాదే ఎత్తివేశారు. మన దాళ్వాలో పండే బొండాలు అనే లావు రకం వడ్లు ఉప్పుడు బియ్యానికే వెళతాయి. సుంకం ఉన్నప్పుడు ఎగుమతిదారు దాన్ని మొత్తం విదేశీ కొనుగోలుదారు మీద వేయలేడు, కొంత భాగాన్ని ధాన్యం కొనే ధరలో తగ్గించుకుంటాడు. పట్టణంలో బియ్యం ధర అదుపులో ఉండాలన్న విధానానికి ఖర్చు పొలంలో ఉన్నవాడు కూడా పెట్టుకుంటున్నాడని గుర్తించాలి. ధర పెరగకుండా ఆపడం తప్పని నేను అనను. కానీ ఆపినంత కాలం రైతుకు పరిహారం ఏమిటో అదే ఉత్తర్వులో చెప్పి ఉండవలసింది.

రామచంద్రపురం కోత యంత్రం యజమాని:

డీజిలు పన్ను ఎవరి మీద పడుతుందని అమ్మాయి యానాం ఉదాహరణతో అడిగింది కాబట్టి, నా అనుభవం రాస్తాను. కోత యంత్రాన్ని గంటల లెక్కన అద్దెకు ఇస్తాను. డీజిలు ధర పెరిగినప్పుడు దాన్ని అద్దెలో కలపగలనా లేదా అన్నది ఆ రోజు వాతావరణం మీద ఉంటుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన వారంలో రైతు అద్దె ఎంతన్నా ఇస్తాడు, ఆగితే పంట నీట మునుగుతుంది. ఆ వారంలో డీజిలు పన్ను మొత్తం రైతు మీదే పడుతుంది. వాతావరణం నిలకడగా ఉండి, పక్క జిల్లాల నుంచి కూడా యంత్రాలు దిగినప్పుడు నేను పాత అద్దెకే వెళ్ళాలి, పెరిగిన డీజిలు నేను భరించాలి, యంత్రం కిస్తీ కూడా కట్టుకోవాలి. ఎవరికి తొందర ఎక్కువగా ఉంటే వారు కడతారు. మన డెల్టాలో కోతల రోజుల్లో తొందర ఎక్కువగా రైతుకే ఉంటుంది.

సఖినేటిపల్లి గృహిణి:

అందరూ వరి గురించే రాస్తున్నారు, నేను బస్సు గురించి రెండు మాటలు రాస్తాను. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు. రాజోలు వరకు మా అమ్మాయి చదువుకు వెళ్ళే ఖర్చు తగ్గింది, అది నిజం. కానీ మా వీధికి బస్సు రాదు, ఆటోలో రోడ్డు దాకా రావాలి. నరసాపురం వెళ్ళాలంటే రేవులో పంటు పడవ ఎక్కాలి, దానికి డబ్బు కట్టాలి. బస్సు తిరిగే ఊరి ఆడవారికి వచ్చిన లాభం బస్సు లేని లంక గ్రామాల ఆడవారికి రాలేదు. ఉచితం అన్న తరువాత బస్సులు పెంచాలి, లేకపోతే దారి పక్కన ఉన్నవారికే మేలు.

ముమ్మిడివరం విద్యార్థిని:

పిన్నిగారూ, మీరు చెప్పినది నేను కూడా చూస్తున్నాను. అయినా ఒక తేడా ఉంది. ఉచిత ప్రయాణం వల్ల మిగిలిన డబ్బు మధ్యలో ఎవరి చేతికీ పోకుండా ప్రయాణించిన మనిషి దగ్గరే ఉంటుంది, ఎందుకంటే దాన్ని పట్టా పుస్తకంతోనో ఇంటి యజమాని సంతకంతోనో ముడిపెట్టలేదు, ఆధార్ చూపితే సరిపోతుంది. సాయాన్ని ఇలా మనిషికి ముడిపెట్టవచ్చని దీనివల్ల తెలుస్తోంది. బస్సు లేని ఊరికి బస్సు రావాలన్నది వేరే పోరాటం, అది కూడా అవసరమే.

భీమవరం రొయ్యల రైతు:

నేను కౌలుకు చెరువులు చేస్తాను, వరి రైతుల కంటే మా పరిస్థితి మెరుగని అనుకునేవారికి కొన్ని విషయాలు చెప్పాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని మొదట 25 శాతం, తరువాత మొత్తం 50 శాతం చేసింది. ఎగుమతి కంపెనీలు కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఇచ్చే ధరను రోజుల్లోనే తగ్గించాయి. మేత ధర మాత్రం తగ్గలేదు. సుంకం కట్టేది అమెరికాలో దిగుమతిదారు, కానీ దానిలో ఒక పెద్ద భాగం నా చెరువు గట్టు దగ్గర తేలింది. ముప్పై కౌంటు వరకు ఆగుదామంటే తెల్లమచ్చ వైరస్ భయం, వంద కౌంటులోనే పట్టేద్దామంటే పెట్టుబడి రాదు. వరికి కనీసం మద్దతు ధర అనే మాట ఉంది, మాకు ఆ మాట కూడా లేదు.

రాయితీ మీద విద్యుత్తు ధర యూనిట్‌కు రూపాయిన్నర అంటారు. మీటరు యజమాని పేరు మీద ఉంటుంది. రాయితీ ఉన్న మీటరున్న చెరువుకు కౌలు ఎక్కువ, లేని చెరువుకు తక్కువ. బ్యాంకు బాబాయ్ గారు చెప్పిన పోటీ మా దగ్గర పచ్చిగా కనబడుతుంది. రాయితీలో నాకు మిగిలేది ఎంతో నేను స్పష్టంగా చెప్పలేను, కానీ యజమానికి వెళుతున్న భాగం కౌలు రేటులో కనబడుతోంది.

ఉండి కౌలు రైతు:

రొయ్యల సోదరుడి కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఆయన చెరువులు మా వరి కౌలును కూడా మార్చాయని చెప్పక తప్పదు. చెరువుకు ఇస్తే ఎక్కువ కౌలు వస్తుందని తెలిసిన యజమాని, వరికి ఇచ్చేటప్పుడు ఆ మాట ఎత్తుతారు. పక్క చేను చెరువైతే నా చేనుకు ఉప్పు ఊట వస్తుంది, మురుగు కాలువ పూడిపోతుంది. ఈ నష్టానికి ధర ఎవరూ కట్టడం లేదు.

తణుకు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

మురుగు కాలువల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి ఖర్చు, మురుగు నీరు దిగకపోవడం ఆనాడు వినబడిన కారణాలు. కాలువల మీద ఖర్చు పెడితే అది అందరికీ అందుతుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాకు నీరు వచ్చింది, ఆ నీటి విలువ భూమి ధరలోనూ మక్తాలోనూ కలిసిపోయింది. ఈరోజు మెట్ట ప్రాంతంలోని మక్తాకు, డెల్టాలోని మక్తాకు తేడా ఎక్కువగా ఆ కాలువదే. మురుగు బాగుపడితే కూడా కొన్నేళ్ళలో మక్తా పెరుగుతుంది. దీనికి విద్యార్థిని ఏమంటుంది?

ముమ్మిడివరం విద్యార్థిని:

పెరుగుతుందని ఒప్పుకుంటాను, అయినా ఆ ఖర్చు పెట్టాలనే అంటాను. ఇక్కడ మక్తా బస్తాల్లో ముందే ఖాయమవుతుంది. నష్టం వస్తే మొత్తం కౌలుదారుదే. మురుగు దిగే చేనులో సగటు దిగుబడి పెరగడం కంటే ముఖ్యమైన సంగతి, పంట మొత్తం మునిగే ఏడు తప్పిపోవడం. పెరిగిన దిగుబడిలో వాటా మక్తాలోకి వెళ్ళినా, అప్పు తీరని ఏడు రాకుండా పోతే కౌలు కుటుంబానికి దక్కే మేలు ఆ రెండు బస్తాల కంటే పెద్దది. నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు ఒక ఏడు తీరకపోతే మరుసటి ఏడు అసలులో కలుస్తుంది. మా పక్క ఇంట్లో ఒక అన్నయ్య ఇలాగే సేద్యం వదిలి కువైట్ వెళ్ళాడు.

మక్తా ఎంత వరకు పెరగవచ్చన్నది కూడా కౌలుదారుకు వేరే దారి ఉందా లేదా అన్న దాన్నిబట్టి ఉంటుంది. ఊరిలో వేరే పని దొరికితే, చదువుకున్న పిల్లలకు దగ్గరలో ఉద్యోగం దొరికితే, ఎంత మక్తాకైనా భూమి తీసుకోవలసిన అవసరం తగ్గుతుంది. 1956 నాటి ఆంధ్ర కౌలు చట్టం మక్తాకు పరిమితి పెట్టింది, కానీ నోటి మాట ఒప్పందం మీద ఆ పరిమితి అమలు చేసేది ఎవరు? కాబట్టి కాగితం ముందు రావాలి. కాగితం ఉంటే రుణం వస్తుంది, ఈ-పంటలో పేరు వస్తుంది, ధాన్యం డబ్బు సొంత ఖాతాకు వస్తుంది. టీచరుగారి భయం తీరకుండా ఆ కాగితం రాదు, అందుకని ప్రభుత్వం యజమానులకు వారి రికార్డు ప్రతి ఏటా ఉచితంగా ఇంటికి పంపి, మీ హక్కు మీ పేరుతోనే ఉందని రాతపూర్వకంగా చెప్పాలని నా సూచన.

హైదరాబాదులోని భూయజమాని:

అలా రాతపూర్వకంగా వస్తే నేను సంతకం చేయడానికి ఆలోచిస్తాను. మా కౌలుదారు మా నాన్నగారి కాలం నుంచి ఉన్న కుటుంబం, వారి మీద నాకు అపనమ్మకం లేదు. ఒక పంట కాలానికి చేసి చూస్తాను. పీఎం కిసాన్ మొత్తాన్ని యజమానుల నుంచి తీసివేయాలన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఎకరంన్నర ఉన్న వృద్ధులకూ, ఊరంతా తమదే అయినవారికీ ఒకే నియమం పెట్టడం న్యాయం కాదు.

ఉండి కౌలు రైతు:

టీచరుగారికి కృతజ్ఞతలు. మా యజమాని అలా అనరు, నేను అడిగి చూశాను. సంతకం దొరకని నాలాంటివారికి బ్యాంకు రుణానికి వేరే దారి ఏదైనా ఉందా, బాబాయ్ గారూ? సార్వా నారుమడులకు ముందే తెలిస్తే మంచిది.

తణుకు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

ఉంది. ఉమ్మడి బాధ్యతా బృందం, జేఎల్‌జీ అంటారు. నలుగురి నుంచి పదిమంది వరకు ఒకే ఊరి కౌలుదారులు కలిసి, ఒకరి అప్పుకు మిగిలినవారు పూచీగా ఉంటామని రాసి ఇస్తే, భూమి తాకట్టు లేకుండా రుణం అడగవచ్చు. ఒకే కుటుంబంలోని వారు ఒక బృందంలో ఉండకూడదు, పాత బకాయిలు ఉన్నవారిని కలుపుకోవద్దు. ఆధార్, రేషను కార్డు, ఖాతా పుస్తకం, ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలు చేస్తున్నారో రాసిన కాగితం తీసుకొని మీ ఊరిని దత్తత తీసుకున్న బ్యాంకు శాఖకు వెళ్ళండి. మేనేజరు మొదటిసారి కాదంటే, కారణాన్ని రాతపూర్వకంగా అడగండి.